హార్స్‌పవర్ ఒక్కటే చూస్తే ఎలా?
ట్రావెల్ ట్రైలర్ (ట్రక్కు వెనక తగిలించుకునే చిన్న ఇల్లులాంటి బండి) లాగడానికి వీ8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజిన్, ఉంటే చాలు, ఇంకేం ఆలోచించక్కర్లేదని వ్యాసంలో రాశారు, నేనైతే ఒప్పుకోను. ఇప్పటి ఫోర్డ్ ఎఫ్-150 పికప్ ట్రక్కునే తీసుకోండి, 5.0 లీటర్ల వీ8కీ, టర్బో (ఇంజిన్‌లోకి గాలిని అదనంగా నెట్టే పరికరం) ఉన్న 3.5 లీటర్ల ఎకోబూస్ట్ వీ6కీ హార్స్‌పవర్ ఒకటే, 400. టార్క్ (చక్రాలను తిప్పే బలం) మాత్రం వీ8కి 410 పౌండ్-ఫీట్ అయితే టర్బో వీ6కి 500, అదీ తక్కువ ఆర్‌పీఎమ్‌లోనే, అంటే ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడే. డల్లాస్ చుట్టుపక్కల చదును రోడ్ల మీద ఈ తేడా పెద్దగా తెలియదు. కొలరాడోలో ఐ-70 హైవే మీద ఐసెన్‌హవర్ టన్నెల్ వైపు ఎక్కి చూడండి, 11,000 అడుగుల పైమాటే, గాలి పలచబడి టర్బో లేని ఇంజిన్‌కి ఆయాసం వచ్చేస్తుంది. మా పాత వీ8 ట్రక్కుతో వెళ్ళినప్పుడు గేర్లు కిందికి దిగిపోయి ఇంజిన్ ఒకటే అరుపు, వెనక సీట్లోంచి మా అత్తయ్యగారు "బాబూ, ఇది పేలిపోదు కదా" అని టెన్షన్.

అన్నట్టు, ఇంజిన్ సంగతి తర్వాత, ముందు డ్రైవర్ డోర్ తెరిచి పేలోడ్ స్టిక్కర్ (ట్రక్కు మీద ఎంత బరువు వేయొచ్చో చెప్పేది) చదవండి. 6,000 పౌండ్ల ట్రైలర్ అయితే హిచ్ (ట్రైలర్‌ని ట్రక్కుకి తగిలించే చోటు) మీదే 600 నుంచి 900 పౌండ్ల దాకా పడుతుంది, మనుషులు, కూలర్లు, బియ్యం బస్తా అన్నీ మిగిలిన దాంట్లోనే సర్దుకోవాలి. ఇక డీజిల్ అంటారా, ఏడాదికి మూడు ట్రిప్పుల కోసం అంత డబ్బు దండగ.