సవరణ: డచ్ హెరింగ్ పచ్చి చేప కాదు

మొన్న ఆమ్‌స్టర్‌డామ్‌లో రోడ్డు పక్క చేపల బండి దగ్గర హెరింగ్ అనే చిన్న సముద్రపు చేప తిన్నానని పెట్టిన పోస్టులో "సముద్రం నుంచి తెచ్చి అలాగే పచ్చిగా ఇచ్చేస్తారు" అని రాశా కదా, అది తప్పు, కనుక్కోకుండా రాసేశాను.

వండరు అన్నది నిజమే కానీ అది ఉప్పులో ఊరిన చేప. మొప్పలు, పేగులు కొంత తీసేసి క్లోమం మాత్రం లోపలే ఉంచేస్తారంట, దాంట్లో ఎంజైములే చేపని అంత మెత్తగా, వెన్నలా చేస్తాయి, నాకైతే ఈ సంగతి భలే నచ్చింది. పైగా లోపల పురుగులుంటే చావాలని మైనస్ 20 డిగ్రీల్లో కనీసం 24 గంటలు ఫ్రీజ్ చెయ్యాలని రూల్ కూడా ఉంది. బండి ఆయన్నే మళ్ళీ వెళ్ళి అడిగా, అక్కడి ఫుడ్ సేఫ్టీ సమాచారంలోనూ ఇదే ఉంది.

ఇంకోటి, తోక పట్టుకుని నోట్లోకి దించుకోవడమే పద్ధతి అన్నట్టు రాశాను, ఆమ్‌స్టర్‌డామ్‌లో ముక్కలు కోసి ఉల్లిపాయ, ఊరబెట్టిన దోసకాయతో ఇవ్వడం మామూలే, నాకూ అలాగే ఇచ్చారు.

కామెంట్లలో ఇద్దరు మన మార్కెట్ చేపతో ఇంట్లో ట్రై చేస్తామన్నారు, దయచేసి చెయ్యకండి.