తిరుపతిలో ఆర్కైవ్: ముందు టేపు, తర్వాత కాగితం, ఫిల్ము పుణెకే

సినిమా, నాటకం, టీవీ చరిత్రకు తిరుపతిలో ఒక పరిశోధన భాండాగారం ఉండాలన్న మాట వచ్చినప్పుడల్లా చర్చ నేరుగా ఏసీ గది దగ్గరికి పోతుంది. ఎన్ని డిగ్రీల చలి ఉండాలి, ఎన్ని ర్యాకులు కావాలి, ఎన్ని ఫిల్మ్ డబ్బాలు పడతాయి? కాగితం మీద బడ్జెట్టంతా అక్కడే అయిపోతుంది. ఇక్కడ కావలసింది ఫిల్మ్ గోదాం కాదు. ముందు టేపు ఎత్తాలి, అంటే అందులోని బొమ్మనూ ధ్వనినీ కంప్యూటరులోకి తీసుకోవాలి, తర్వాత కాగితం. ఫిల్ము దొరికితే జాగ్రత్తగా కట్టి పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌కు పంపేయాలి.

ఫిల్ము సంగతి తొందరగా తేల్చేద్దాం. మొదటి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ మనకు మిగల్లేదు. పుణెలో 2003 నాటి అగ్నిప్రమాదంలో తొలినాళ్ల, తేలిగ్గా మండే నైట్రేట్ రీళ్లు బూడిదయ్యాయి. ఇవి అందరికీ తెలిసిన కథలే. తర్వాతి తరం రీళ్లలో ఎక్కువ భాగం అసిటేట్ అనే ప్లాస్టిక్‌వి. వేడికీ తేమకూ అది విరిగి ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది, మూత తీయగానే వెనిగర్ వాసన కొడుతుంది. ఆ ఆమ్లమే మిగిలిన రీలును ఇంకా వేగంగా తినేస్తుంది, పక్క డబ్బాకూ అంటుకుంటుంది. 21 డిగ్రీలు, 50 శాతం తేమలో ఉంచితే కొత్త అసిటేట్ రీలుకు ఈ జబ్బు మొదలవడానికి సుమారు 40 ఏళ్లని నిపుణుల లెక్క. మన మే నెల ఎండలో ఆ లెక్క నిలవదు. పోనీ చల్లగది కడదామా అంటే, గదిని చల్లబరచడం పెద్ద పని కాదు, ఏడాది పొడుగునా ఒకేలా ఉంచడం పెద్ద పని. కరెంటు పోయి గది వేడెక్కి మళ్లీ చల్లబడిన ప్రతిసారీ డబ్బాలో చెమ్మ దిగుతుంది. పుణెలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ 1964 నుంచి ఉంది, వాళ్లకు ఈ పని వచ్చు. పంపేముందు చేయాల్సింది కొంచెమే. తుప్పు డబ్బా తీసేసి గాలి ఆడే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టాలి. ఆమ్లం కొలిచే పట్టీ ఒకటి లోపల వేసి మూతపెట్టాలి. నీలం పట్టీ ఆకుపచ్చకు, ఆపైన పసుపుకు తిరుగుతుంది. పసుపైన రీలు ముందు బండి ఎక్కాలి.

అసలు ప్రమాదం టేపుకు. ఫిల్మును వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే బొమ్మ కనపడుతుంది. టేపుకు యంత్రం లేకపోతే అది ఉత్త గోధుమరంగు పట్టీ. వీహెచ్ఎస్ యంత్రాలు చేసే చివరి జపాన్ కంపెనీ 2016లో మానేసింది. టీవీ స్టూడియోలు వాడిన యూ-మాటిక్, బీటాక్యామ్ క్యాసెట్లను ఆడించే డెక్కులు కొత్తవి దొరకవు. టేపును చదివే హెడ్ డ్రమ్ము అరిగితే ఇంకో పాత డెక్కును విప్పి తీయాల్సిందే. యునెస్కో ఆధ్వర్యంలో 2019లో మొదలైన టేపు హెచ్చరిక కార్యక్రమం 2025ను గడువుగా చూపింది. ఆ గడువు వచ్చేసింది. మన ప్రాంతపు నాటకాలు, హరికథలు, జాతరలు ఎవరి దగ్గర ఉన్నాయి? చానళ్ల దగ్గర కొన్ని. చాలావరకు పెళ్లి వీడియోలు తీసిన స్టూడియోల అటకల మీద, నటుల ఇళ్లలో, వీహెచ్ఎస్ రూపంలో.

క్యాసెట్టు చేతికి రాగానే డెక్కులో పెట్టడం అందరూ చేసే తప్పు. ముందు రెక్క ఎత్తి చూడాలి. టేపు అంచున తెల్లటి దారాల్లాంటి బూజు ఉంటే సంచిలో మూసి వేరే పెట్టాలి. నవంబరు ముసురు తర్వాత ఇది మామూలే. ఒక్క బూజు క్యాసెట్టు ఆడించినా హెడ్లు పాడవుతాయి, తర్వాత పెట్టిన పది టేపులకూ అంటుతుంది. రికార్డింగు అడ్డు తప్పనిసరి: వీహెచ్ఎస్‌కు వెనక పలక విరిచేయాలి, యూ-మాటిక్‌కు ఎర్ర బిళ్ల తీసేయాలి. లేకపోతే ఒక్క బటన్ పొరపాటుతో ఇరవై నిమిషాల చరిత్ర చెరిగిపోతుంది. ఒకసారి చివరిదాకా ముందుకు తిప్పి, వెనక్కి చుట్టితే బిగువు సమానమవుతుంది. కీచుమని అరుస్తూ ఆగిపోయే టేపుకు అయస్కాంత పొడిని పట్టీకి అతికించే బైండరు తేమ పీల్చి జిగటెక్కిందని అర్థం. దాన్ని 50-54 డిగ్రీల దగ్గర ఎనిమిది గంటలకు తగ్గకుండా వెచ్చబెడితే, ఎత్తుకోవడానికి సరిపడా కొన్ని వారాల వ్యవధి దొరుకుతుంది. వంటింటి ఓవెన్ పనికిరాదు, వేడి నిలకడగా ఉండదు. పాత ఆడియో స్పూలు అయితే ముందు అంచును వెలుతురుకు పెట్టి చూడాలి. కాంతి దాటితే అది అసిటేట్, దాన్ని వెచ్చబెట్టకూడదు.

డెక్కుకూ కంప్యూటరుకూ మధ్య బొమ్మ గీతల సమయాన్ని సరిదిద్దే టైమ్ బేస్ కరెక్టర్ లేకుండా ఎత్తిన బొమ్మ ఊగిసలాడుతుంది. తర్వాత సరిచేయడం దాదాపు అసాధ్యం. కుదింపు లేకుండా 10-బిట్‌లో ఎత్తితే గంటకు సుమారు 100 జీబీ. బొమ్మకు నష్టం లేకుండా కుదించే ఎఫ్ఎఫ్‌వీ1 పద్ధతిలో సగానికి అటూఇటూ. అంటే వెయ్యి గంటలకు 50 టీబీ అనుకోండి. కంప్యూటరు డేటా దాచే, 12 టీబీ పట్టే ఎల్టీవో-8 టేపు క్యాసెట్లు ఐదు, రెండో ప్రతికి ఇంకో ఐదు, ఆ రెండో ప్రతి వేరే ఊళ్లో. ఒక డెక్కు మీద, తనిఖీతో సహా, రోజుకు ఐదు గంటల టేపు లేస్తే గొప్ప. వెయ్యి గంటలకు 200 పనిదినాలు. చల్లగది కట్టే ఖర్చు పక్కన ఇదెంత?

యూట్యూబ్‌లో అన్నీ ఉన్నాయిగా అంటారు. కొన్ని ఉన్నాయి, నిజమే. కుదించి, నలిగిన బొమ్మలు, ఏ ఊరో ఏ సంవత్సరమో లేకుండా. పెట్టినవాళ్లు తీసేస్తే అవీ లేవు.

టేపు ముందని ఇంత పట్టుబట్టడానికి కారణం తిరుమలలోనే ఉంది. అన్నమయ్య పదాలు రాగిరేకుల మీద శతాబ్దాలు నిలిచాయి. రేకు మీద పాట ఉంది, రాగం పేరు ఉంది. వరస లేదు. ఇవాళ మనం పాడుకునే వరసల్లో చాలావరకు 20వ శతాబ్దంలో కట్టినవే. మాటను దాచడంలో మనకు సాటిలేదు, ధ్వనిని దాచే సాధనం అప్పుడు లేదు. ఇప్పుడు ఉంది, పైగా రికార్డు కూడా అయింది, అయినా పోగొట్టుకుంటున్నాం!

చిత్తూరు నాగయ్య 1938లో సినిమాకు వెళ్లేలోపే స్టేజీ మీద పేరు తెచ్చుకున్నారు. సినిమాలో ఆయన గొంతు మనకుంది, ఊరు పేరు ఇంటిపేరుగా ఇచ్చిన ఆ స్టేజీని మాత్రం కరపత్రాల్లో వెతుక్కోవాలి. తారల చరిత్ర ఎలాగో ఎవరో ఒకరు రాస్తారు. ద్రౌపదీ ధర్మరాజుల గుడి దగ్గర పగలు హరికథ, రాత్రి వీధినాటకం ఆడే మేళాలను ఎవరు రాస్తారు? అర్జున తపస్సుకు మాను ఎక్కిన మనిషి ఆ రాత్రి ఏ పద్యం ఎంతసేపు లాగాడో నోటుబుక్కులో ఉండదు. సరిహద్దు ఊళ్లలో తెలుగులోంచి తమిళంలోకి, మళ్లీ తెలుగులోకి దూకే హాస్యం అసలు ఉండదు. అది రికార్డయిన వీహెచ్ఎస్ క్యాసెట్టు మీదే ఉంది. రాయలసీమ రంగస్థలానికి చరిత్ర లేదనే పండితులకు ఆధారాలు లేకపోలేదు, ఆడించే డెక్కు లేదు.

కాగితం గురించి ఒక్కటే: లామినేషన్ చేయించొద్దు. సెల్లోటేపు అతికించొద్దు. పాటల పుస్తకాలు, వాల్‌పోస్టర్లు, థియేటర్ల కలెక్షన్ రిపోర్టులు, నాటక కాంట్రాక్టర్ల లెక్కల పుస్తకాలు మడతలు విప్పి, ఆమ్లం లేని కవర్లలో పరుండబెట్టాలి. స్థలం కొత్తగా వెతకనక్కర్లేదు. తిరుపతిలోనే 1939లో మొదలైన ప్రాచ్య పరిశోధనా సంస్థ తాళపత్రాలను కాపాడుతూనే ఉంది, దాని పక్కన రెండు గదులు చాలు.

చట్టం అడ్డు రాదు. 2012 సవరణ తర్వాత కాపీరైట్ చట్టం 52వ సెక్షన్, లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం తన దగ్గరున్న ప్రతిని భద్రత కోసం ఎలక్ట్రానిక్ రూపంలో దాచుకోవచ్చంటోంది. ఇంటర్నెట్‌లో పెట్టాలంటే మాత్రం హక్కుదారుల అనుమతి కావాలి. కనుక టేపు తెచ్చిన రోజే ఊరు, తేదీ, మేళం, వేషగాళ్లు, హార్మోనియం ఎవరు అన్నవి రాసుకుని, అదే కాగితం మీద అనుమతి సంతకమూ తీసుకోవాలి. తర్వాత అడుగుదాంలే అనుకుంటే ఆ కుటుంబం బెంగళూరుకో చెన్నైకో మారిపోతుంది. టేపు ర్యాకులో ఉంటుంది, చూపించే హక్కు ఎవరిదో చెప్పేవాళ్లుండరు.