రెండు వేళ్ల తూకం

ఆ మధ్య ఉగాదికి చొక్కా కుట్టించుకుందామని వెళ్తే, మా దర్జీ నా భుజాల మీద టేపు వేసి కొలిచాడు. మళ్లీ కొలిచాడు. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, "సార్, మీ ఎడమ భుజం ముప్పావు అంగుళం కిందికి ఉంది. పుట్టుకతోనే ఇంతా, మధ్యలో వచ్చిందా?" అని అడిగాడు.

మధ్యలోనే వచ్చింది. 2017 జూలై 1న దేశానికి జీఎస్టీ వచ్చింది, ఆ వారంలోనే నాకు ల్యాప్‌టాప్ వచ్చింది. అప్పటినుంచి రెండూ నా భుజం మీదే ఉన్నాయి.

నల్లగొండలో ఉంటూ చుట్టుపక్కల వ్యాపారుల రిటర్నులు దాఖలు చేయడం నా వృత్తి. ఎక్కువ మంది మిర్యాలగూడ మిల్లుల వాళ్లు. వాళ్లు నా దగ్గరికి రారు, లెక్కలున్న చోటికి నేనే వెళ్లాలి. నెలలో కనీసం పది రోజులు తిప్పర్తి, వేములపల్లి మీదుగా బస్సు ప్రయాణం. ఆ పాత ల్యాప్‌టాప్ తెర 15.6 అంగుళాలు, బరువు 2.4 కిలోలు, ఛార్జరు మరో అర కిలో. బ్యాటరీ ఏనాడో చనిపోయింది కాబట్టి గుంజకు కట్టేసిన గేదెలాగా గోడ ప్లగ్గు దగ్గరే నిలబడేది. తాడు ఊడితే ప్రాణం పోయేది.

దర్జీ మాట ఇంట్లో చెప్పడం నా పొరపాటు. మా ఆవిడ నన్ను వాకిట్లో నిలబెట్టి, ముందు నుంచీ వెనక నుంచీ చూసి, "పెళ్లినాటికి బాగానే ఉండేవారు. వెంటనే తేలికైనది కొనుక్కోండి" అని తీర్పు చెప్పింది.

హైదరాబాద్‌లో కంప్యూటర్ ఉద్యోగం చేసే మేనల్లుడికి ఫోను చేశాను. నేను బస్సులో ఉన్నప్పుడే వాడికి తీరిక దొరికింది. "రాసుకో మామా" అన్నాడు. టికెట్టు వెనక రాసుకున్నాను. ర్యామ్ 16 జీబీ ఉండాలి, సన్నటి వాటిలో దాన్ని బోర్డుకే అతికించేస్తారు, తర్వాత పెంచుకోలేవు. తెర వెలుగు 400 నిట్స్ ఉంటే మంచిది, మెరిసే తెర మాత్రం వద్దు. కీబోర్డు పక్కన అంకెల మీటలున్నాయో లేదో చూడు. "అన్నిటికన్నా ముందు పోర్టులు చూడు మామా, పోర్టులు" అని రెండుసార్లు చెప్పాడు, నేనూ రెండుసార్లు గీత గీశాను. వేములపల్లి దాటాక చెవి దురద పెట్టింది. చేతిలో ఏదో కాగితం ఉంది కదా అని సన్నగా మెలిపెట్టి వాడేశాను. మేనల్లుడి సలహా చెవికెక్కడమంటే అంతవరకే జరిగింది.

ఆ ఆదివారం గడియారం స్తంభం వైపు ఉన్న ఒక దుకాణానికి వెళ్లాను. గుమ్మడికాయను ఎత్తి చూసి కొంటాం, పుచ్చకాయను తట్టి కొంటాం, బెండకాయ కొస తుంచి కొంటాం. ల్యాప్‌టాప్‌ను ఏం చేసి కొనాలో మన పెద్దలు చెప్పి పోలేదు. నాకు తెలిసిన విద్య ఎత్తడం ఒక్కటే. వరసలో ఉన్నవన్నీ ఎత్తుకుంటూ పోయాను. అయిదోది బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుంటే అరటాకులా పైకి లేచింది.

"13.3 అంగుళాలు సార్. 1.2 కిలోలు. బ్యాటరీ 18 గంటలు వస్తుంది" అన్నాడు కుర్రాడు. "ఏం పని చేస్తారు సార్ దీని మీద?"

"బిజినెస్" అన్నాను, కాస్త ఛాతీ విరిచి. నేను గుమాస్తా పని చేస్తానని వాడికెందుకు?

"అయితే ఇదే సార్" అన్నాడు.

నేను మాత్రం ఏం పరీక్షించలేదని? అంచు మీద వేలు పెట్టి రాశాను. కత్తిలా ఉంది. పక్కన చీమల కన్నాల్లాంటి రెండు రంధ్రాలున్నాయి. గాలి ఆడటానికేమో అనుకున్నాను.

82,600 రూపాయలు. అందులో 18 శాతం పన్ను లెక్కన 12,600. మీరు వెనక్కి తీసుకోవచ్చు కదా అని నన్ను అందరూ అడుగుతారు. సేవలు చేసేవాళ్లకు ఏడాది టర్నోవరు 20 లక్షలు దాటితేనే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. నా టర్నోవరు ఆ అంకెను బస్సు కిటికీలోంచి కూడా చూడలేదు. రిజిస్ట్రేషన్ లేనివాడికి ఇన్‌పుట్ క్రెడిట్ రాదు. ఊరందరికీ పన్ను వెనక్కి రప్పించే నేను, నా 12,600కు చేతులు జోడించి బయటికి వచ్చాను. పాతదాన్ని 2,500కు వాళ్లకే ఇచ్చేశాను.

తరువాత 20వ తేదీ వచ్చింది. మా వృత్తిలో 11, 20 తేదీలు మిగతా జనానికి ఏకాదశి, అమావాస్యల్లాంటివి. అమ్మకాల వివరాలు చూపే రిటర్నుకు 11, పన్ను లెక్క తేల్చి కట్టే నెలవారీ 3బీ రిటర్నుకు 20 ఆఖరు. దాటితే రోజుకు 50 రూపాయల రుసుము, కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ.

యాసంగి కోతల కాలం. మిల్లు ముందు వడ్ల ట్రాక్టర్లు రోడ్డు దాకా బారులు తీరి ఉన్నాయి. ఆఫీసు గదిలో బల్ల ముందు కూర్చుని, సంచిలోంచి రెండు వేళ్లతో ల్యాప్‌టాప్ తీశాను. "పలకలా ఉంది సార్" అన్నాడు మిల్లు యజమాని సేఠ్. నాకు కావలసింది ఆ మాటే.

తెరిచాను. వాకిలి నుంచి ఎండ నేరుగా పడుతోంది. తెర మీద నా ముఖం, నా వెనక సేఠ్ ముఖం, ఆ వెనక ట్రాక్టరు కనిపించాయి. లెక్కలు కనిపించలేదు. మా పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో గర్భగుడిలోని శివుడి మీద పగలంతా ఒక నీడ కదలకుండా నిలిచి ఉంటుంది. దాన్ని చూడటానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. నా తెర మీద నా నీడ అంతే స్థిరంగా నిలిచింది, చూడటానికి నేనొక్కడినే. వెలుగును చివరిదాకా పెంచాను. పెరిగిన వెలుగు 18 గంటల బ్యాటరీని ఆరు గంటల దారి పట్టించిందని సాయంత్రానికి గానీ తెలియలేదు.

అంకెలు ఎక్కించడం మొదలుపెట్టాను. చూపు రిజిస్టరు మీద ఉంచి 4,72,650 అని టకటకా కొట్టాను. తెర మీద ఏమీ లేదు. మళ్లీ కొట్టాను, లేదు. తల తిప్పి చూస్తే నా కుడిచేయి కీబోర్డు దాటిపోయి బల్ల మీద పని చేస్తోంది. పాతదానికి అంకెల మీటలు అక్కడ ఉండేవి. బల్ల నిండా మిల్లు తవుడు ధూళి. అందులో నా వేలిముద్రలు నాలుగు వరుసల్లో ముగ్గు చుక్కల్లా పడ్డాయి. 4,72,650 రూపాయలు బల్ల ఖాతాలో నిక్షేపంగా జమ అయ్యాయి.

సాయంత్రం ఆరున్నరకు లెక్క తేలింది. ఇక సంతకం మిగిలింది. ఆ మిల్లు ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. కంపెనీలకు ఫోనుకు వచ్చే ఓటీపీ చాలదు, డిజిటల్ సంతకం ఉండాలి. అది పెన్‌డ్రైవ్ లాంటి టోకెన్‌లో ఉంటుంది. సేఠ్ బీరువా తాళం తీసి, మఖమలు సంచిలోంచి దాన్ని తీసి, కళ్లకద్దుకుని నా చేతికిచ్చాడు.

పెట్టబోయాను. టోకెన్ మూతి వెడల్పు, రంధ్రం సన్నం. తిరగేసి పెట్టాను, పక్కకు తిప్పి చూశాను. గుమ్మడికాయను చెంబులో దించినట్టుంది వ్యవహారం. మేనల్లుడు రెండుసార్లు చెప్పిన పోర్టులు నాకు అప్పుడు కనిపించాయి. గాలి ఆడటానికనుకున్నవి అవే.

"ఏమిటి సార్, సంతకం పట్టడం లేదా?" అన్నాడు సేఠ్.

"పడుతుంది సేఠ్. ఒక్క చిన్న ముక్క కావాలి" అన్నాను.

ఆ ముక్క కోసం గుమాస్తా మోటారు సైకిలు మీద మూడుసార్లు బజారుకు వెళ్లాడు. మొదటిసారి తెచ్చింది పాత ఫోన్లకు పెట్టేది. రెండోసారి తెచ్చింది హెడ్‌ఫోన్‌ది. మూడోసారి దుకాణం మూసేస్తుంటే షట్టరు కింద తల దూర్చి సరైనది తెచ్చాడట, నుదుటి మీద నల్లటి గీత కూడా వెంట తెచ్చుకున్నాడు. సంతకం పడేసరికి రాత్రి పదకొండు దాటింది. నల్లగొండకు ఇక బస్సు లేదు. ఖాళీ గోనెసంచుల మీద పడుకున్నాను. పాత ల్యాప్‌టాప్ అయితే దిండుగానైనా పనికొచ్చేది.

అక్కడినుంచి సంచి బలవడం మొదలైంది. ముందు పోర్టుల డబ్బా, తర్వాత అంకెల మీటల పలక, మౌసు. పాత ఖాతాలన్నీ లోపల పట్టక విడి హార్డ్‌డిస్కు. చిన్న అక్షరాలు కనిపించడం లేదని సేఠ్ గొణిగితే, ఆఫీసులో ఉన్న పాత మానిటరుకు తగిలించడానికి కన్వర్టరు, దాని తీగ. బ్యాటరీ మీద నమ్మకం పోయి పవర్‌బ్యాంకు, పవర్‌బ్యాంకు మీద నమ్మకం పోయి ఎక్స్‌టెన్షన్ బాక్సు. చివరికి ఎండ అడ్డుకోవడానికి గొడుగు. నవ్వకండి, మిల్లు ఆఫీసులో గొడుగు వేసుకుని రిటర్ను దాఖలు చేసిన మనిషి ఈ జిల్లాలో నేనొక్కడినే అయి ఉంటాను.

మూడో నెలలో ఒకరోజు హమాలీ నా సంచి పక్కకు జరపబోయి, "ఇందులో ఏమున్నాయి సారూ, రాళ్లా?" అన్నాడు. సేఠ్‌కు ముచ్చటేసింది. బియ్యం నమూనాలు తూచే చిన్న కాటా తెప్పించాడు.

ముందు ఒంటి ల్యాప్‌టాప్ పెట్టారు. 1,210 గ్రాములు. కంపెనీవాడు అబద్ధమాడలేదు. తర్వాత ఒక్కొక్కటీ పెడుతుంటే గుమాస్తా చీటీ మీద రాశాడు: ఛార్జరు 320, పోర్టుల డబ్బా 110, అంకెల పలక 130, మౌసు 90, హార్డ్‌డిస్కు 180, కన్వర్టరు, తీగ 250, పవర్‌బ్యాంకు 480, ఎక్స్‌టెన్షన్ బాక్సు 650, గొడుగు 420, ఖాళీ సంచి 860. మొత్తం 4 కిలోల 700 గ్రాములు. పాతది ఛార్జరుతో, సంచితో కలిపినా 3 కిలోల 800 దాటేది కాదు.

సేఠ్ చీటీ అందుకుని వడ్లు చూసినట్టే నిదానంగా చూశాడు. "వడ్లలో తేమ 17 శాతం దాటితే తరుగు తీస్తాం, రైతులతో ఏటా అదే పంచాయితీ. నీ సరుకుకు తరుగు లేదు సార్, అంతా పెరుగే" అన్నాడు. హమాలీలు సైతం పని ఆపి నవ్వారు. ఆ చీటీకి మిల్లు ముద్ర కూడా వేయించి నా చేతిలో పెట్టాడు.

ఎడమ భుజం నొప్పి తట్టుకోలేక అప్పటికే సంచిని కుడివైపుకు మార్చాను. మొన్న దసరాకు మళ్లీ దర్జీ దగ్గరికి వెళ్లాను. టేపు వేశాడు, కొలిచాడు, మళ్లీ కొలిచాడు. ముఖం వికసించింది.

"అరె, సరిపోయింది సార్! రెండూ సమానంగా ఉన్నాయి" అన్నాడు. ఆ తర్వాత నా మెడ వైపు పరిశీలనగా చూసి, "కుడిది కూడా దిగింది" అన్నాడు.