వాటబౌటిజం నింద గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ వాటబౌటిజం నింద గారి దివ్యసముఖానికి,

నిన్న రాత్రి తొమ్మిదింటి చర్చలో తమరి దర్శనభాగ్యం మళ్లీ కలిగింది. ఎనిమిది కిటికీలు, ఎనిమిది ముఖాలు, విషయం మన దేశం రష్యా చమురు కొనడం. ఒకాయన "మరి యూరప్ సంగతేంటి?" అన్నాడు. రెండో ఆయన "ఇది వాటబౌటిజం, అడిగినదానికి జవాబు చెప్పకుండా అవతలివాళ్ల తప్పు ఎత్తిచూపడం" అన్నాడు. యాంకర్ గారు "చిన్న బ్రేక్" అన్నారు. అంతే, గంట గడిచిపోయింది. తమరు అడుగుపెట్టాక విషయం తేలడమనేది ఎక్కడైనా ఉందా!

తమరు ఊరికే పుట్టలేదని తెలుసు. 1974 జనవరిలో ఐరిష్ టైమ్స్ పత్రికకు ఒక పాఠకుడు ఉత్తరం రాశాడు. ఉత్తర ఐర్లాండులో బ్రిటన్ పాలన మీద పోరాడిన సాయుధ దళం ఐఆర్ఏ పేల్చిన బాంబులను ఎవరు ఖండించినా, జవాబుగా అవతలి పక్షం పాపాల చిట్టా విప్పేవాళ్లను 'వాటబౌట్స్' అని ఎత్తిపొడిచాడు. న్యాయమైన కోపం. సోవియట్ వాళ్లు అంతకుముందే ఆ విద్యలో ఆరితేరారు. తమ జైలు శిబిరాల గురించి అడిగితే "మీ దేశంలో నల్లవాళ్లను చెట్లకు ఉరేస్తున్నారుగా" అనేవాళ్లు. అది ఎగవేతే, సందేహం లేదు. కానీ చెప్పింది అబద్ధమా? 1952 డిసెంబరులో అమెరికా న్యాయశాఖే సుప్రీంకోర్టుకు ఏం విన్నవించుకుందో తమరికి గుర్తుండాలి: జాతి వివక్ష కమ్యూనిస్టుల ప్రచారానికి సరుకు అందిస్తోంది, పరాయి దేశాల్లో మన పరువు పోతోంది అని. బడుల్లో వేర్పాటు చెల్లదని 1954లో తీర్పొచ్చింది. దురుద్దేశంతో అడిగిన ప్రశ్నకూ జవాబు బాకీ ఉంటుందని ఆ న్యాయశాఖకు తెలిసింది. తమరికి ఇప్పటికీ తెలియదు.

ఇక చమురు. 2025 ఆగస్టులో రష్యా చమురు కొంటున్నందుకని మన సరుకుల మీద ట్రంప్ అదనంగా 25 శాతం సుంకం వేశాడు. అప్పటికే వేసిన 25తో కలిపి 27వ తేదీ నుంచి మొత్తం 50 అయింది. అంతకుముందే, 4వ తేదీన, మన విదేశాంగ శాఖ లెక్కలు బయటపెట్టింది. 2024లో యూరోపియన్ యూనియన్ రష్యాతో చేసిన సరుకుల వ్యాపారం 67.5 బిలియన్ యూరోలు. అదే ఏడాది యూరప్ దిగుమతి చేసుకున్న రష్యా ద్రవ సహజవాయువు, అంటే ఎల్ఎన్‌జీ 1.65 కోట్ల టన్నులు. అమెరికా తన అణు విద్యుత్తు కోసం యురేనియం హెక్సాఫ్లోరైడ్, వాహనాల కోసం పల్లాడియం, పొలాల కోసం ఎరువులు అప్పటికీ అక్కడినుంచి తెచ్చుకుంటూనే ఉంది. మర్నాడు విలేకరులు ఈ సంగతి అడిగితే ట్రంప్ "నాకేం తెలియదు, కనుక్కోవాలి" అన్నాడు. మనకంటే ఎక్కువ రష్యా చమురు కొనే చైనా మీద ఆ సుంకం వేయలేదు.

దీన్ని వాటబౌటిజం అంటారా తమరు? జరిమానా కట్టమన్నవాణ్ని "ఈ రూలు అందరికీనా, నాకేనా?" అని అడగడం దారి మళ్లించడం కాదు, కేసులో అసలు పాయింటే అది. అక్కడ తమరికి పనేముంది?

పనున్న చోటు వేరే ఉంది. ఉక్రెయిన్ యుద్ధానికి ముందు మన చమురు దిగుమతుల్లో రష్యా ముడిచమురు 2 శాతం లోపే, 2024 నాటికి మూడో వంతు దాటింది. ఆ డబ్బు మాస్కోకు చేరుతోందా? చేరుతోంది. ఈ ప్రశ్నకు జవాబుగా యూరప్ పేరెత్తితే, అప్పుడు రండి, ఎర్ర తివాచీ పరుస్తాం. ఎందుకంటే దీనికి యూరప్‌తో పని లేకుండానే జవాబుంది. 2022 డిసెంబరు 5న జీ7 సంపన్న దేశాలు బ్యారెల్‌కు 60 డాలర్ల పరిమితి పెట్టింది రష్యా చమురును ఆపడానికి కాదు. ఆ ధరకు లోబడి కొంటే పాశ్చాత్య దేశాల ఓడలూ బీమా వాడుకోవచ్చన్నారు, దాటితే కుదరదన్నారు. చమురు పారాలి, లాభం తగ్గాలి, ఇదీ ఏర్పాటు. ఎవరో ఒకరు కొనాలనే తామూ కోరుకున్నామని మన దేశంలో అప్పటి అమెరికా రాయబారి గార్సెట్టి 2024లో బాహాటంగానే చెప్పాడు. ఇదంతా చెప్పడానికి రెండు నిమిషాలు పడుతుంది. తమరి పేరు పలకడానికి రెండు సెకన్లు చాలు. స్టూడియో ఏది ఎంచుకుంటుందో వేరే చెప్పాలా?

తమరిని వాడేవాళ్లకు తేడా తెలియకనా? ఏం జరిగిందన్న ప్రశ్నకు పోలిక పనికిరాదు. ఉక్రెయిన్ పట్టణం బుచాలో రష్యా సైన్యం వదిలెళ్లిన శవాలున్నాయా లేదా అంటే ఇరాక్ మీద అమెరికా దాడి జవాబు కాదు. ఎవరికి ఏ శిక్ష అన్న ప్రశ్నకు మాత్రం ఇరాక్ సంగతి రావాల్సిందే. వచ్చిన పోలిక తప్పయితే తప్పని చూపించాలి. 2014 మార్చిలో ఉక్రెయిన్ నుంచి క్రిమియాను లాక్కున్నప్పుడు పుతిన్, సెర్బియా నుంచి విడిపోయిన కొసావోను అడ్డం పెట్టుకున్నాడు, అంతర్జాతీయ న్యాయస్థానం 2010 అభిప్రాయాన్ని చదివి వినిపించాడు. ఆ అభిప్రాయం కొసావో స్వాతంత్ర్య ప్రకటన గురించి. పరాయి సైన్యం వచ్చి కూర్చుని ఓట్లేయించి, తన దేశంలో కలిపేసుకోవడం గురించి కాదు. ఈ ముక్క అనేవాడు లేడు, తమరిని పిలిచేవాళ్లే అందరూ.

అంతర్జాతీయ నేర న్యాయస్థానం (ఐసీసీ) అరెస్టు వారెంటు పుతిన్‌కొస్తే సమంజసం, ఇజ్రాయెల్ నేత నెతన్యాహుకొస్తే దారుణం అన్నాడు అప్పటి అమెరికా అధ్యక్షుడు బైడెన్. ఎందుకయ్యా అంటే మళ్లీ తమరే ప్రత్యక్షం. మన చానళ్లూ తక్కువ తినలేదు. విదేశీ పత్రిక మన గురించి రాస్తే "ముందు మీ ఇల్లు చూసుకోండి". అదే మాట పాకిస్తాన్ అంటే వాటబౌటిజం! గురివింద గింజకు కూడా ఇంత ధీమా ఉండదు.

ఇక మర్యాదలు చాలు. ఆ 50 శాతం ఎవడి నెత్తిన పడిందో తెలుసా నీకు? భీమవరం చెరువు గట్టు మీద రొయ్యల రైతు నెత్తిన. మన రొయ్యకు అప్పటికి పెద్ద కొనుగోలుదారు అమెరికాయే. ఆ రైతు రష్యా నుంచి ఒక్క బ్యారెల్ కొన్నవాడు కాదు. "యురేనియం కొన్నవాడికి లేని సుంకం నా రొయ్యకెందుకు వేశారు?" అని వాడడిగితే, వాడి మొహం మీద కూడా నీ ముద్రే కొడతావా? సిగ్గులేదూ! ముందు ఆ ప్రశ్నకు జవాబు చెప్పించు. ఆ తర్వాత మాస్కోకు పోయిన డబ్బు గురించి మమ్మల్నడుగు, చెబుతాం.

ఇట్లు,
యూరప్ సంగతీ మన సంగతీ రెండూ వినదలిచిన ఒక ప్రేక్షకుడు