ఐదో రోజు వచ్చాడు

పోయిన నెలలో ఒక రాత్రి తొమ్మిదిన్నరకు కర్నూలు సి క్యాంపులోని మా మెడికల్ షాపుకు ఒక ఇంజినీరింగ్ అబ్బాయి వచ్చాడు. తలనొప్పి మాత్ర అడిగాడు. ఇచ్చాను. తీసుకుని కూడా అక్కడే నిలబడ్డాడు. ఉన్న ఇద్దరూ వెళ్లిపోయాక మెల్లగా అడిగాడు: "అన్నా, ఎయిడ్స్ రాకుండా వేసుకునే మాత్రలుంటాయంట కదా?"

డేటింగ్ యాప్‌లో పరిచయమైన మనిషిని హైదరాబాద్‌లో కలిశాడట. కండోమ్ వాడలేదు. అప్పటికి ఐదు రోజులైంది. ఆ ఐదు రోజులూ అన్నం సయించక, క్లాసుకు పోక, కేసీ కాలువ గట్టున కూర్చుని చచ్చిపోదామా అనుకున్నాడట. వినేసరికి నాకు చేతులు ఆడలేదు.

ఆ మందు ఉంది. పెప్ అంటారు. కలిసిన 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, ఎంత తొందరైతే అంత మంచిది. 28 రోజులు వాడాలి. ఐదో రోజున దానితో ప్రయోజనం లేదు.

మొదటి రోజే ఎందుకు అడగలేదని వాణ్ణి నేను తిట్టలేను. ఎవరిని అడగాలి? ఇంట్లో తెలిస్తే చదువు మాన్పిస్తారు. వార్డెన్‌కు తెలిస్తే హాస్టలంతా పాకుతుంది. మన కాలేజీల్లో కౌన్సెలింగ్ అంటే సీట్లు ఇచ్చేదే, ఇంకో అర్థం లేదు. యాప్‌లు పిల్లల్ని చెడగొట్టాయని తిట్టే పెద్దలంతా ఈ మాటకు జవాబు చెప్పాలి.

మరుసటి రోజు నేనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. అక్కడి ఐసీటీసీలో, అంటే హెచ్‌ఐవీ సలహా, పరీక్షల కేంద్రంలో, పరీక్షకు పైసా తీసుకోరు. ఫలితం బయటపెట్టకూడదని 2017లో చట్టమే వచ్చింది. ఆ రోజు నెగెటివ్ వచ్చింది. ఇంత తొందరగా చేసిన పరీక్షను నమ్ముకోకూడదు, మళ్లీ రమ్మన్నారు. సిఫిలిస్‌కూ పరీక్ష చేయించాం. పెన్సిలిన్‌తో నయమయ్యే జబ్బు అది. వాడు మాత్రం దాని పేరు వినగానే ఏడ్చేశాడు.

అమ్మాయిలైతే షాపు మెట్టే ఎక్కరు. ఫ్రెండును పంపి గర్భం రాకుండా వేసుకునే ఎమర్జెన్సీ మాత్ర తెప్పించుకుంటారు. ఆ మాత్ర రోగాలను ఆపదని ఆ అమ్మాయికి చెప్పేదెవరు? పీరియడ్ ఆలస్యమైతే, పెళ్లి కాలేదని డాక్టర్ దగ్గరికి పోవడానికే భయం. గర్భస్రావం విషయంలో పెళ్లికాని ఆడవాళ్లకూ పెళ్లైనవాళ్లతో సమానంగా హక్కుందని సుప్రీంకోర్టు 2022లోనే చెప్పింది. ఆ సంగతి మా వీధిలో నాకు తెలిసి ఒక్కరికీ తెలియదు. అమ్మాయి మెట్టెక్కితే కిందికీ పైకీ చూసే మందుల షాపులవాళ్లు మాలోనే ఉన్నారు, అది మా తప్పే.

యాప్‌లో పరిచయమై, ఫొటోలు బయటపెడతామని బెదిరించి డబ్బులడిగే దొంగల సంగతి ఇంకొకటి. పిల్లలు ఫీజు డబ్బులు పంపేసి నోరు మూసుకుంటున్నారు. పంపకండి నాయనా. చాట్‌లు చెరపకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

అందుకే షాపు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాను: హెచ్‌ఐవీ సందేహాలకు 1097, మనసు బాగాలేకపోతే 14416. రెండూ ఉచితం. ఆడవాళ్లు తిరిగే చోట ఇదేంటని మొన్న ఇద్దరు పెద్దమనుషులు వచ్చి తుడిపేయమన్నారు. తుడపను.