రోజుకు 176 రూపాయల కనీస వేతనం గారికి

మహారాజశ్రీ జాతీయ కనీస వేతనం గారికి,

నమస్కారాలు. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టబోయి ఆగాను. 2017 జూన్ 1న మీ ఆరోగ్యం ఎలా ఉందో ఆ తర్వాతా అలాగే ఉంది కనుక కొత్తగా అడిగేదేమీ లేదు. ఆ రోజున మీరు 160 నుంచి 176 రూపాయలయ్యారు. 2019లో ఇంకో రెండు రూపాయలు కలిసి 178 అయ్యారని పత్రికల్లో చదివాం. ఆ రెండు రూపాయలూ తల తిరిగిపోయేంత సంపద కనుక, పాత చనువు చెడకుండా మిమ్మల్ని 176 గారనే పిలుచుకుంటాను.

అమెరికాలో మీకు వరసకు అన్నగారొకరు ఉన్నారు. పేరు గంటకు ఏడుంపావు డాలర్లు. 1938లో రూజ్‌వెల్ట్ హయాంలో గంటకు పావు డాలరుగా పుట్టి, మెల్లగా ఎదిగి, 2009 జూలై 24న 7.25 దగ్గర కూర్చున్నారు. మళ్లీ లేవలేదు. పుట్టిన నాటి నుంచి ఆయన ఇంతకాలం ఒకే చోట కూర్చోవడం ఇదే మొదటిసారి. 2021 మార్చిలో పదిహేను డాలర్లు చేద్దామని సెనేట్‌లో ఒక సవరణ పెడితే 42 మంది సరేనన్నారు, 58 మంది వద్దన్నారు. వద్దన్నవారిలో ఆయన సొంత పార్టీ అనుకున్నవాళ్లూ ఉన్నారు.

మనవాళ్లు మాత్రం ఆయన పేరు వినగానే డాలరును రూపాయల్లోకి మార్చి, గంటకు ఆరు వందల పైచిలుకా అని ముక్కున వేలేసుకుంటారు. అక్కడి ఇంటద్దె కూడా డాలర్లలోనే కట్టాలన్నది ఆ లెక్కలో రాదు. వారానికి నలభై గంటల చొప్పున ఏడాదంతా ఒక్క పూట మానకుండా చేస్తే ఆయన చేతిలో పెట్టేది 15,080 డాలర్లు. 2025లో ఆ దేశ ప్రభుత్వమే ఒంటరి మనిషికి గీసిన దారిద్ర్యరేఖ 15,650. చట్టప్రకారం పూర్తికాలం పనిచేసినవాడు చట్టప్రకారమే పేదవాడన్నమాట. వాషింగ్టన్‌లో ఈ రెండు కాగితాలూ ఒకే బల్ల మీదికి ఎప్పుడూ వచ్చినట్టు లేదు. పైగా హోటల్లో వడ్డించేవాళ్లకు యజమాని తన జేబులోంచి ఇవ్వాల్సింది గంటకు 2.13 డాలర్లే, అది కూడా 1991 నుంచి. మిగతాది టిప్పులు పూడ్చాలి, అవి చాలకపోతేనే యజమాని కలపాలి. జీతగాణ్ని పెట్టుకున్నది ఒకడు, జీతమిచ్చేది దోసె తినడానికి వచ్చినవాడు!

అయినా ఆయన దగ్గర మీ దగ్గర లేనిది ఒకటుంది. దాన్ని చట్టం అంటారు. అక్కడ తక్కువిచ్చి దొరికితే బకాయితో పాటు మరో అంత కట్టాల్సి వస్తుంది. మీరు 1996లో 35 రూపాయలతో పుట్టారు, అదీ ఒక సలహాగా. పాటించిన రాష్ట్రం పాటించింది, లేకపోతే లేదు. 1948 నాటి కనీస వేతనాల చట్టం వేరే ఉండేది కదా అంటారా? అది షెడ్యూలులో, అంటే చట్టానికి జతచేసిన జాబితాలో, పేరున్న పనులకే. ఆ పనుల వేతనాలనైనా అయిదేళ్లలోపు సవరించాలని అందులో రాసి ఉండేది. తెలంగాణలో 2021లో అయిదు రంగాల వేతనాలు పెంచుతూ జీవోలు వచ్చాయి. గెజిట్‌లో అచ్చు కాలేదు. అచ్చు కాని జీవో కూలివాడికి ఎందుకు పనికొస్తుందో మీకు బాగా తెలుసు, మీదీ అదే జాతకం. ఇక తక్కువిచ్చిన యజమానికి ఆ చట్టంలో ఆరు నెలల దాకా జైలు, లేదా 500 రూపాయల దాకా జరిమానా. మీ లెక్కలో అయిదు వందలంటే మూడు రోజుల కూలికి కూడా తక్కువే. పది రెట్ల దాకా పరిహారం ఇప్పించే వీలూ ఆ పుస్తకంలోనే ఉండేది, పాపం.

మీ వంశంలో గణితానికి మాత్రం లోటు లేదు. అమెరికావాళ్లు ఒక అంకె మీద ఓటు వేసుకుంటారు, అయిపోయింది. మనం అలా మొరటుగా చేయం. 1957లో 15వ భారత కార్మిక సదస్సు కూర్చుని కూలివాడి సంసారాన్ని కొలిచింది. ఆలుమగలు, ఇద్దరు పిల్లలు. తిండి కోసం వాళ్లను మూడు వినియోగ ప్రమాణాలుగా లెక్కించి, ఒక్కో ప్రమాణానికి 2,700 కేలరీలు ఇచ్చింది. బట్టలకు తలకు 18 గజాల చొప్పున ఏడాదికి 72 గజాలు. గమనించారా, కట్టుకునేటప్పుడు నలుగురు, తినేటప్పుడు ముగ్గురు. ఆడవాళ్లకూ పిల్లలకూ ఆకలి కాస్త తక్కువని పెద్దలు తేల్చారు. 1991లో సుప్రీంకోర్టు, చదువు, వైద్యం, పండుగలు, ముసలితనం, పెళ్లిళ్లు కూడా ఉంటాయి కదా అని మరో 25 శాతం కలపమంది. 2019లో అనూప్ సత్పతి కమిటీ ఆ మూడును 3.6 చేసి, కేలరీలను 2,400కు దించి, మాంసకృత్తులు, కొవ్వులు గ్రాముల్లో తూచి, 2018 ధరల్లో రోజుకు 375 రూపాయలు అవుతుందని చెప్పింది.

ఇన్ని కేలరీలూ గజాలూ గ్రాములూ ఒకవైపున పోస్తే రెండోవైపున రాలినవి ఆ రెండు రూపాయలు. 375 అన్నది ఎవరికో నచ్చి ఉండదు. అందుకే 2021లో అజిత్ మిశ్రా అధ్యక్షతన ఇంకో నిపుణుల బృందాన్ని వేశారు, మూడేళ్ల గడువుతో. ఆకలి లెక్క కదా, తొందరపడకూడదు.

అన్నట్టు, మీ సొంత ఇంట్లోనే జరుగుతున్నది మీకు తెలుసా? 2024 అక్టోబరులో కేంద్రం తన పరిధిలోని ఊడ్చే పనికి, బరువులు మోసే పనికి, నిర్మాణ పనికి, నైపుణ్యం లేని కూలీలకు పెద్ద నగరాల్లో రోజుకు 783 రూపాయలు అని ప్రకటించింది. దేశానికంతటికీ కనీసం 176 అన్నదీ అదే కేంద్రం. 2025-26లో మన రెండు రాష్ట్రాల్లోనూ ఉపాధి హామీ కూలి 307. మీకంటే తక్కువకు మట్టి తట్ట ఎత్తే మనిషి ఏ అడ్డా మీదా దొరకడు. అయినా మీరు జాతీయ స్థాయి.

1982లో ఏషియాడ్ (ఢిల్లీ ఆసియా క్రీడల) నిర్మాణ కూలీల కేసులో సుప్రీంకోర్టు జస్టిస్ భగవతి ఒక మాట తేల్చారు. కనీస వేతనం కంటే తక్కువిచ్చి పని చేయించడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరే అని. అమెరికా చట్టంలో అంత బరువైన మాట నాకు కనబడలేదు. మన దేశంలో తీర్పులు ఎప్పుడూ ఘనంగానే ఉంటాయి, కూలి డబ్బుల దగ్గరికి వచ్చేసరికే ఎవరికో చిల్లర దొరకదు.

అలాగని మీకు పరపతి లేదనుకోకండి. మీ ఆత్మ సముద్రాలు కూడా దాటింది. చదువుకోవడానికి డాలస్ వైపు వెళ్లిన మన పిల్లల్లో కొందరు, వీసా ఒప్పుకోకపోయినా హోటళ్లలో, పెట్రోలు బంకుల్లో చేతినగదుకు పనిచేస్తారు. ఏడుంపావు కూడా ముట్టదు. ముట్టజెప్పనివాడు తరచుగా మనవాడే, దీపావళికి గుడిలో భారీ విరాళం రాయించే పెద్దమనిషే. వీసా సంగతి ఎలా ఉన్నా చేసిన పనికి కనీస వేతనం ఇచ్చి తీరాలన్నది అక్కడి కార్మిక శాఖ మాట. ఆ పిల్లవాడు కార్మిక శాఖ గడప తొక్కడని యజమానికి నమ్మకం. నిలబడింది టెక్సాస్ నేల మీదే అయినా ఆయన ఆచరిస్తున్నది మీ సంప్రదాయం.

ఇప్పుడు అసలు సంగతి. 2019లో పాసైన వేతనాల కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. ఇకమీదట కేంద్రం నిర్ణయించే అంకె కంటే తక్కువ ఏ రాష్ట్రమూ పెట్టడానికి లేదు. షెడ్యూలు గొడవ పోయింది, జరిమానా 50 వేల దాకా పెరిగింది. సలహాగా బతికిన మీరు చట్టం కాబోతున్నారు, అభినందనలు. ఇన్‌స్పెక్టర్ కూడా పేరు మార్చుకుని ఇన్‌స్పెక్టర్-కమ్-ఫెసిలిటేటర్ అయ్యారు. తక్కువివ్వడం కాక, రికార్డులు సరిగా రాయకపోవడం లాంటి తప్పులతో మొదటిసారి దొరికినవాడికి సరిదిద్దుకోమని ముందు ఒక కాగితం ఇస్తారు. సరిదిద్దుకుంటే కేసు లేదు.

అంకె రాసే గుమాస్తా మీ దగ్గరికి వచ్చి, 176 మీద ఎంత వేయమంటారని అడుగుతాడు. దయచేసి 176 ఊసెత్తకండి. 783 నుంచి ఎంత తీసేయాలో, అది ఎందుకు తీసేయాలో అతణ్నే కాగితం మీద రాయమనండి.

ఇట్లు,
పాత షెడ్యూలులో చోటు దక్కని ఒక రాతకూలి