మహారాజశ్రీ కంపెనీ శ్మశానం గారికి

మహారాజశ్రీ అమెరికా కంపెనీ శ్మశానం గారికి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. ఆ మాట మీకు అంత శుభవార్త కాదని తెలుసు, ఏమీ అనుకోకండి.

ముందుగా అభినందనలు. ఒకప్పుడు శ్మశానమంటే ఊరిదో, చర్చిదో, ఏదో ఒక కుటుంబానిదో అయ్యేది. 1962లో హ్యూస్టన్‌లో పుట్టిన సర్వీస్ కార్పొరేషన్ ఇంటర్నేషనల్ అనే కంపెనీ పుణ్యమా అని మీరు న్యూయార్క్ స్టాక్ మార్కెట్ దాకా ఎదిగారు. ఊరూరా అంత్యక్రియలు జరిపించే ఫ్యునరల్ హోమ్‌లు, శ్మశానాలు కొనేసి కూడా బోర్డు మీద పాత కుటుంబం పేరే ఉంచేస్తారు చూడండి, ఆ తెలివికి దండం పెట్టాలి. తాతను సాగనంపినవాళ్లే కదా అని నాన్ననూ అక్కడికే తీసుకొస్తారు జనం. శవాలు మోసే బళ్లూ, పనివాళ్లూ నాలుగు దుకాణాలకూ కలిపి ఒకటే అయినా బిల్లులు మాత్రం ఎవరివి వాళ్లకే, లాభం అంతా హ్యూస్టన్‌కే.

అన్నట్టు, మీ జాతి కంపెనీలకు చావు కూడా ఒక పట్టాన రాదు. లోవెన్ గ్రూప్ అని ఒకటుండేది. 1995లో మిసిసిపీలో ఒక కుటుంబ వ్యాపారి దాని మీద కేసు వేస్తే జ్యూరీ ఏకంగా 50 కోట్ల డాలర్లు కట్టమంది. కాళ్లావేళ్లా పడి 17.5 కోట్లకు రాజీ చేసుకున్నారు. 1999కల్లా దివాలా. పీడ విరగడైందనుకుంటే ఆల్డర్‌వుడ్స్ అనే పేరుతో లేచొచ్చింది, 2006లో దాన్ని మళ్లీ ఆ హ్యూస్టన్‌వాళ్లే కొనేసుకున్నారు. పునర్జన్మ సంగతి మేం పురాణాల్లో చదువుకుంటాం, మీరు బ్యాలెన్స్ షీట్లలో చూపిస్తున్నారు.

మీ కష్టం అర్థం కాక కాదు. మీరు నడిపేది, దిగినవాడు గది ఖాళీ చేయని లాడ్జి. జాగా ఒకసారి అమ్మేశాక దాని మీద పైసా రాదు, గడ్డి మాత్రం ఏటా పెరుగుతుంది. అందుకే శాశ్వత సంరక్షణ నిధి అని ఒకటి ఉంటుంది, జాగా ధరలో కొంత అందులో వేసి దాని మీద వచ్చే ఆదాయంతో ఎప్పటికీ గడ్డి కోయించాలని చాలా రాష్ట్రాల్లో చట్టం కూడా ఉంది. మూడు నెలలకోసారి లాభం చూపించకపోతే షేర్లు పడిపోయేవాళ్ల చేతికి ఆ "ఎప్పటికీ"ని అప్పగించాలన్న ఐడియా ఎవరికొచ్చిందో గానీ వాళ్లకు సన్మానం చేయాలి. ఇది చాలదన్నట్టు అమెరికాలో దహనాలు 60 శాతం దాటాయి. కొత్త జాగాలు కొనేవాళ్లు తగ్గిపోతే పాత జాగాల మీద కన్ను పడకుండా ఉంటుందా?

షికాగో పక్కన ఆల్సిప్‌లో బర్ ఓక్ శ్మశానం ఉంది కదా, దాని గురించే అసలు ఈ ఉత్తరం. తెల్లవాళ్ల శ్మశానాల్లో నల్లవాళ్లకు చోటివ్వని రోజుల్లో, 1927లో మొదలైంది. బతికున్నప్పుడు ఎలాగూ ప్రశాంతంగా ఉండనివ్వరు, కనీసం పోయాకైనా అనుకుని కొనుక్కున్న ఆరడుగులు అవి. తర్వాత అరిజోనాకు చెందిన పర్పెచువా అనే కంపెనీ చేతికి వచ్చింది. 2009 జూలైలో మేనేజరు, ఫోర్‌మన్, గోతులు తవ్వే యంత్రం నడిపేవాడు, ట్రక్కు డ్రైవరు, నలుగురినీ పోలీసులు పట్టుకున్నారు. పాత సమాధులు తవ్వి, ఎముకల్ని వెనకాల పిచ్చిమొక్కల్లో పారబోసి, అదే జాగాను ఇంకొకరికి నగదుకు అమ్మేశారట. అలాంటి సమాధులు వందల్లో ఉంటాయని అప్పటి అంచనా. మేనేజరుకు 2011లో 12 ఏళ్ల జైలు పడింది.

ఇందులో నాకు బాగా నచ్చింది వేరే ఉంది. పోలీసుల దగ్గరికి ముందు వెళ్లింది ఆ కంపెనీ యజమానులే. ఎందుకనుకున్నారు? డబ్బు లెక్క తేడా వచ్చిందని! శవాలు కనిపించకపోతే అరిజోనాలో ఎవరికీ తెలియలేదు, నగదు కనిపించకపోతే తెలిసింది.

ఎమ్మెట్ టిల్ సమాధి కూడా అక్కడే. 1955లో మిసిసిపీలో తెల్లవాళ్లు చంపేసిన 14 ఏళ్ల నల్లజాతి పిల్లాడు. నా కొడుకుకి ఏం చేశారో లోకమంతా చూడాలని ఆ తల్లి శవపేటిక మూత తెరిపించింది, గాజు పలక కింద ఆ ముఖాన్ని వేలమంది చూశారు. కేసు మళ్లీ విచారించడానికి 2005లో శవాన్ని బయటికి తీసి, ఆ తర్వాత కొత్త పెట్టెలో పూడ్చారు. స్మారకం కడితే అందులో పెడదామని పాత పెట్టెను ఉంచారు. 2009లో పోలీసులు వెళ్లి చూస్తే అది ఒక షెడ్డులో చెత్త మధ్య తుప్పు పట్టి ఉంది, మూత తెరిస్తే లోపల్నుంచి అడవి ఎలుకల్లాంటి పాసమ్‌ల కుటుంబం ఒకటి పరుగెత్తిందట. అద్దె లేకుండా కాపురం పెట్టిన జీవాలు మీ ఆస్తిలో అవొక్కటే అయ్యుంటాయి. ఇప్పుడా పెట్టె వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ మ్యూజియం వాళ్ల దగ్గర భద్రంగా ఉంది.

అది ఎక్కడో ఒక మేనేజరు దొంగతనం, కంపెనీకేం సంబంధం అంటారేమో. మరి ఫ్లోరిడాలో మెనోరా గార్డెన్స్ శ్మశానం? అది హ్యూస్టన్‌వాళ్లదే. పాత సమాధుల పెట్టెలు పగలగొట్టి అవశేషాల్ని అడవిలో పారేశారని 2001లో కేసు పడింది, 2003లో 10 కోట్ల డాలర్లకు రాజీ. లాస్ ఏంజిలిస్‌లో ఈడెన్ మెమోరియల్ పార్క్? కొత్తవాటికి చోటు చేయడానికి పక్క సమాధుల్ని పగలగొట్టారని 2009లో కేసు, 2014లో సుమారు 8 కోట్లకు రాజీ. యాదృచ్ఛికంగా అదీ వాళ్లదే.

మా హరిశ్చంద్రుడు కూడా ప్రైవేటు ఉద్యోగే తెలుసా? యజమాని వీరబాహుడు. కన్నకొడుకు శవాన్ని భార్య తెస్తే కూడా కాటిసుంకం కట్టమన్నాడు, పాపం అంత ఖచ్చితమైన మనిషి. అయినా ఒకే జాగాకు రెండుసార్లు సుంకం వసూలు చేయాలన్న ఆలోచన ఆయనకు రాలేదు. ఎంబీఏ చదవలేదు కదా.

ఇంతకీ మీతో ఒక చిన్న పని పడింది. జాగా ఎంత, గొయ్యి తవ్వడానికి ఎంత, పూడ్చడానికి ఎంత, రాయి నిలబెట్టడానికి ఎంత, విడివిడిగా ధరల పట్టీ ఒకటి పంపగలరు. 1984 నుంచి అమలులో ఉన్న ఫెడరల్ రూలు ప్రకారం ఫ్యునరల్ హోమ్‌వాళ్లయితే నేరుగా వచ్చి అడిగినవాళ్లకి ఇచ్చి తీరాలి. శవపేటికల్లాంటివి అమ్మకుండా ఉత్త శ్మశానం నడుపుకునేవాళ్లకు ఆ రూలు వర్తించదని ఇప్పుడే చూశాను, కాబట్టి మీకు వీలున్నప్పుడే పంపండి, మేం తొందరపడం.

ఇట్లు,
ఇప్పట్లో మీ కస్టమర్ అయ్యే ఉద్దేశం లేని
ఒక శ్రేయోభిలాషి